చిన్నపిల్లలకు జంతువుల కథ చెప్పడం: ఎంపిక నుంచి ‘కథ కంచికి’ దాకా

విశాఖలో చిన్నపిల్లలున్న ఇళ్ల నుంచి, అంగన్‌వాడీల నుంచి, ప్లే స్కూళ్ల నుంచి వచ్చే ప్రశ్నలు ఇంచుమించు ఒకే తీరులో ఉంటాయి. “రెండు నిమిషాలు వినగానే లేచిపోతున్నాడు.” “ఫోన్లో బొమ్మ కదిలితే తప్ప కూర్చోదు.” “పులి పేరెత్తితే ఏడుపు.” “తెలుగులో చెబితే సగం మాటలు తెలియవు.”

ఈ నాలుగింటికీ మందు చాలావరకు కథ మొదలుపెట్టక ముందే పడాలి. పుస్తకంలో వాక్యం కంటి కోసం రాసింది. దాన్నే అప్పజెప్పినట్టు చెబితే మూడేళ్ల పిల్లకు చెవికెక్కదు. నోటి కథకు వేరే సిద్ధపాటు కావాలి. రెండున్నర నుంచి ఏడేళ్ల పిల్లలకు, ఇంట్లో ఒక్కరికైనా, బడిలో పదిమందికైనా పనికొచ్చేలా ఆ సిద్ధపాటును, చెప్పే వరుసను ఇక్కడ ఇస్తున్నాం.

## 1. వయసును బట్టి కథ

పుస్తకం అట్ట మీద “పిల్లల కథలు” అని ఉన్నంత మాత్రాన అది మీ పిల్ల వయసుకు సరిపోతుందని లేదు. పంచతంత్రం రాజకుమారులకు లోకజ్ఞానం నేర్పడానికి పుట్టిందని ఆ గ్రంథమే చెప్పుకుంటుంది. మోసం, పగ, రాజకీయం అందులో దండిగా ఉన్నాయి. కాబట్టి ఏరుకోవాలి.

రెండున్నర – మూడున్నర ఏళ్లు: గొలుసు కథలు. ఏడు చేపల కథ, పేరు మరిచిపోయిన ఈగ కథ. నిడివి 3 – 4 నిమిషాలు. ఒక్కసారికి ఇద్దరే మాట్లాడుకోవాలి.

మూడున్నర – ఐదు: కాకి–కుండ, తాబేలు–కుందేలు, సింహం–ఎలుక, వలతో ఎగిరిపోయిన పావురాలు. 5 – 7 నిమిషాలు.

ఐదు – ఏడు: కోతి–మొసలి, సింహం–కుందేలు–బావి, రంగుతొట్టిలో పడ్డ నక్క, తోక తెగిన కోతి. 8 – 12 నిమిషాలు.

ఆరేళ్లు నిండేదాకా పక్కన పెట్టాల్సినవీ ఉన్నాయి. చేపలను చెరువు మారుస్తానని నమ్మించి తినేసే కొంగ, దాని మెడ కొరికే పీత కథ వాటిలో ఒకటి. పసిబిడ్డను పాము నుంచి కాపాడిన ముంగిసను పొరపాటున చంపేసే కథనైతే ఎనిమిదేళ్ల దాకా ఆపడమే మంచిది. అందులో తప్పు చేసింది ఇంటి మనిషి. ఆ బరువు చిన్నపిల్ల మోయలేదు.

కోతి–మొసలి, కుందేలు–బావి కథలను నాలుగేళ్లకే చెప్పాలనుకుంటే చెప్పవచ్చు. వాటికి ముందు చేయాల్సిన చిన్న పని ఒకటుంది, 4వ భాగంలో చూడండి.

## 2. కథను ఎముకలుగా విడదీయండి

బట్టీ పట్టవద్దు. బట్టీ పట్టిన కథలో ఒక వాక్యం జారితే మొత్తం ఆగిపోతుంది. దాని బదులు కథను ఏడెనిమిది “ఎముకలు”గా విడగొట్టి, ఒక పోస్టుకార్డు సైజు కాగితం మీద ఒక్కో వరుసలో రాసుకోండి. కోతి–మొసలి కథ ఇలా వస్తుంది:

1. నది ఒడ్డున నేరేడు చెట్టు. చెట్టు మీద కోతి.
2. మొసలి వచ్చింది. కోతి పళ్లు పడేసింది. స్నేహం కుదిరింది.
3. మొసలి కొన్ని పళ్లు ఇంటికి, పెళ్లానికి పట్టుకెళ్లింది.
4. “రోజూ ఇంత తీపి తినేవాడి గుండె ఇంకెంత తీపో! నాకది కావాలి.”
5. “మా ఇంటికి భోజనానికి రా” అని మొసలి పిలిచింది. కోతి వీపెక్కింది.
6. నడి నదిలో మొసలి నిజం చెప్పేసింది.
7. “అయ్యో, గుండె చెట్టు మీదే మరిచిపోయానే!” వెనక్కి తిరిగారు.
8. ఒక్క గెంతు. కోతి చెట్టు మీద.

ఇప్పుడు కథ మలుపు తిరిగేది ఎక్కడో గుర్తు పెట్టండి. ఇక్కడ 6, 7. కథకు ఇచ్చే సమయంలో మూడో వంతు ఈ రెండింటికే కేటాయించాలి. ఎక్కువమంది చేసే తప్పు 1 నుంచి 3 దాకా చెట్టును, పళ్లను, స్నేహాన్ని వర్ణించుకుంటూ పోవడం. నడి నది చేరేసరికి పిల్లల ఓపిక, పెద్దల గొంతు రెండూ అయిపోతాయి. 1 – 3 ఎముకలు కలిపి నిమిషంన్నర దాటకూడదు.

కార్డు వెనక రెండే రాయండి: మొదటి వాక్యం, చివరి వాక్యం. వీటిని మాత్రం అచ్చంగా గుర్తుంచుకోవాలి. మొదలు తడబడితే పిల్లలు చేజారతారు, చివర తడబడితే కథ ముగిసిందో లేదో వాళ్లకు తెలియదు. మధ్యలో మాటలు రోజుకోలా మారినా నష్టం లేదు.

తర్వాత కార్డు చూడకుండా ఒకసారి గోడకు, ఒకసారి ఇంట్లో ఎవరికైనా చెప్పండి. గడియారం పెట్టుకోండి. ఒంటరిగా 5 నిమిషాలు పట్టిన కథ పిల్లల ముందు 7 – 8 తీసుకుంటుంది.

## 3. తిరిగి తిరిగి వచ్చే మాట

చిన్నపిల్లల కథను నిలబెట్టేది ఇదే. పాటకు పల్లవి ఉన్నట్టు కథలో ఒక మాట పదే పదే రావాలి. మూడోసారికి పిల్లలు మీకన్నా ముందే అందుకుంటారు. ఒకసారి అందుకున్నాక లేచిపోరు.

మన జానపద కథల్లో ఇది సిద్ధంగానే ఉంది. ఏడు చేపల కథే తీసుకోండి. రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకెళ్లి ఏడు చేపలు తెచ్చి ఎండబెట్టారు, ఒకటి ఎండలేదు. అక్కడి నుంచి ప్రశ్నల గొలుసు నడుస్తుంది:

చేప → గడ్డిమోపు అడ్డం → ఆవు మేయలేదు → గొల్లవాడు మేపలేదు → అవ్వ బువ్వ పెట్టలేదు → పాప ఏడ్చింది → చీమ కుట్టింది → “నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?”

మెలకువలు:

- చేప నుంచి చీమ దాకా ఏడు పేర్లు. ఎడమ చేతి ఐదు వేళ్లు, కుడి చేతి రెండు వేళ్లు వాడండి. ఒక్కో పేరుకు ఒక్కో వేలు ముడిస్తే వరుస తప్పదు. ఇది పెద్దలకే ఎక్కువ అవసరం.
- “చేపా చేపా, ఎందుకెండలేదు?” అని పిలిచే తీరు ఏడుసార్లూ ఒకేలా ఉండాలి. జవాబు గొంతు మాత్రం మార్చండి.
- చీమ దగ్గరికి వచ్చేసరికి గొంతు సన్నగా, చాలా నెమ్మదిగా ఉండాలి. పిల్లలు ముందుకు వంగుతారు. “కుట్టనా?” అన్నప్పుడు వాళ్ల చేతి మీద చూపుడు వేలితో మెత్తగా తాకండి. గిల్లవద్దు. గిల్లితే రెండోసారి ఆ చోటికి రాగానే చేతులు వెనక్కి దాచుకుని, కథ మీద ధ్యాస పోగొట్టుకుంటారు.

ఈగ కథలో గొలుసు ప్రతిసారీ పెరుగుతుంది: పేదరాశి పెద్దమ్మ, పెద్దమ్మ కొడుకు, కొడుకు చేతిలో గొడ్డలి, గొడ్డలి నరికే మాను, మానుకు కట్టిన గుర్రం, గుర్రం కడుపులో పిల్ల. కొత్త పేరు చేరినప్పుడల్లా పాతవన్నీ ఒకే ఊపిరిలో చెప్పాలి. ఊపిరి అందకపోతే పిల్లలు నవ్వుతారు, ఆ నవ్వు కథకు బలమే. మూడేళ్లవాళ్లకు మానును, గొడ్డలిని తీసేసి నాలుగు పేర్లతో చెప్పండి.

తోక తెగిన కోతి కథలో పల్లవి మద్దెల మోత. “తోక పోయి కత్తి వచ్చె, ఢాం ఢాం ఢాం!” ఇంటింటికీ వస్తువులు మారతాయి. మీ ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే వరుసే పట్టుకోండి. మోతకు స్టీలు డబ్బా బోర్లించి ఇస్తే చాలు. పదిమందిలో ఇద్దరికే డబ్బా ఇవ్వండి, మిగతావాళ్లు తొడ మీద చరుస్తారు.

కథలో పల్లవి లేకపోతే మీరే కల్పించండి. నియమం ఒకటే: నాలుగైదు మాటలు, ఒక కదలిక, కనీసం నాలుగుసార్లు. కాకి–కుండ కథకు “ఒక రాయి, టపుక్కు! నీరు పైకి, ఇంత!” సరిపోతుంది. “ఇంత” అన్నప్పుడు చేయి కాస్త పైకి లేవాలి.

## 4. కథకు ముందు చూపించాల్సినవి

పెద్దలు చూసీ చూడనట్టు వదిలేసే భాగం ఇది. చాలా కథలు ఒక భౌతిక విషయం మీద ఆధారపడి ఉంటాయి. అది పిల్లకు తెలియకపోతే కథలో మలుపు వచ్చినా మలుపని తెలియదు.

బావిలో నీడ. సింహం తన నీడనే చూసి ఇంకో సింహమనుకుంటుంది. నాలుగేళ్ల పిల్లలు చాలామంది బావిని చూసి ఉండరు. ముదురు రంగు బకెట్లో సగం దాకా నీళ్లు పోసి, పైనుంచి వెలుతురు పడే చోట పెట్టి, ముఖం చూపించండి. “ఎవరది? నాలుక చాపు. అదీ చాపిందా?” ఒక్క నిమిషం పని. తెల్ల బకెట్లో నీడ సరిగా కనిపించదు.

చెట్టు మీద గుండె. ఆరేళ్లవాడికి కోతి బొంకుతోందని తెలిసి నవ్వు వస్తుంది. నాలుగేళ్లవాడు నిజంగానే గుండె చెట్టు మీద ఉందనుకుంటాడు. కథకు ముందు చేయి ఛాతీ మీద పెట్టించి, గుండె “లబ్ డబ్” అని కొట్టుకోవడం తెలిసేలా చేయండి. కోతి మాట వచ్చినప్పుడు ఆగి, గుసగుసగా అడగండి: “గుండె ఎక్కడుంటుంది?” పిల్లలు తమ ఛాతీ తాకుతారు. “మరి కోతి అలా ఎందుకంది?” అంతే, జవాబు మీరు చెప్పవద్దు.

కుండలో రాళ్లు. గాజు గ్లాసుతో చేసి చూపాలనుకునేవాళ్లు ఎక్కువగా ఇక్కడే దెబ్బతింటారు. గ్లాసు అడుగున కొంచెమే నీళ్లుంటే రాళ్లు అంచు దాకా నిండుతాయి, నీళ్లు మాత్రం రాళ్ల సందుల్లోనే ఉండిపోతాయి. గులకరాళ్ల మధ్య ఖాళీయే గ్లాసులో ఇంచుమించు ఐదింట రెండు వంతులు ఉంటుంది. అందుకని నీళ్లు సగానికి కాస్త పైన పోయండి, నున్నటి చిన్న గులకరాళ్లు వాడండి. ఒక్కో పిల్ల చేత ఒక్కో రాయి వేయించండి. మూడేళ్లలోపు పిల్లలుంటే ఈ పని పెద్దల చేత్తోనే జరగాలి, చిన్న రాళ్లు నోట్లో పెట్టుకుంటారు.

ఎండు చేపలు, గడ్డిమోపు, పుట్ట. అపార్ట్‌మెంటులో పెరిగే పిల్లకు ఈ మూడూ కొత్తే. విశాఖలో మొదటిదానికి కష్టం లేదు. ఫిషింగ్ హార్బర్ వైపో, జాలరిపేట వైపో వెళ్తే చేపలు ఎండబెట్టడం కళ్లారా చూడవచ్చు. గడ్డిమోపుకు, చీమల పుట్టకు ఫొటో చాలు.

ఒక కథకు ముందు ఇలాంటివి రెండు మించకూడదు. మించితే పాఠం అవుతుంది.

## 5. చోటు, సమయం, సరంజామా

- పిల్లలు మీకు ఎదురుగా అర్ధచంద్రంలా, మొదటి వరుస మీ నుంచి ఒక బారెడు దూరంలో. పదిమంది దాటితే రెండు జట్లు చేయండి.
- కిటికీ మీ వెనక ఉండకూడదు. వెలుగు కళ్లలో పడి మీ ముఖం నల్లగా కనిపిస్తుంది, ముఖంలో భావం అందదు.
- మీరూ కింద కూర్చోండి, లేదా పీట వేసుకోండి. కళ్లు ఒకే ఎత్తులో ఉండాలి.
- బీచ్‌లో చెప్పాలని చాలామందికి సరదా. ఆర్కే బీచ్ ఇసుకలో అలల హోరు, గాలి కలిసి గొంతును మింగేస్తాయి. చెప్పాలనుకుంటే నలుగురికి మించకుండా, పిల్లల వీపు సముద్రం వైపు ఉండేలా కూర్చోబెట్టండి. ముఖం సముద్రం వైపుంటే అలలే గెలుస్తాయి. శివాజీ పార్కులో చెట్టు నీడ ఇంతకన్నా నయం.
- ఉక్కపోత రోజుల్లో మధ్యాహ్నం వద్దు. చెమటతో చిరాకుగా ఉన్న పిల్ల ఏ కథా వినదు. మిగతా రోజుల్లో భోజనమై అరగంట దాటాక, లేదా సాయంత్రం స్నానమయ్యాక బాగుంటుంది.
- వస్తువు ఒక్కటి చాలు. ఏటికొప్పాక లక్కబొమ్మ ఏదైనా ఉంటే మంచిదే. అంకుడు కర్రతో చేసినవి కాబట్టి చేతిలో తేలికగా ఉంటాయి. విడిపోయే చిన్న భాగాలున్న బొమ్మ మూడేళ్లలోపు వాళ్ల చేతికివ్వకండి. బొమ్మ మొదటి నుంచి కనిపిస్తే చూపంతా దాని మీదే ఉంటుంది. కొంగు కింద దాచి, ఆ జంతువు వచ్చినప్పుడే బయటికి తీయండి.
- ఫోను సైలెంట్‌లో, వేరే గదిలో.

బొమ్మల పుస్తకం వాడేటట్టయితే ముందు బొమ్మలు చూసుకోండి. చాలా పుస్తకాల్లో నక్కను నారింజ రంగులో, గుబురు తోకతో గీస్తారు. అది మన వైపు కనిపించే జంతువు కాదు. మన కథల్లోని నక్క గోధుమ, బూడిద రంగులు కలిసిన సన్నపాటి జంతువు. ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయం లాంటి చోట తెలుగు పిల్లల పుస్తకాలు నాలుగు పక్కపక్కన పెట్టి చూస్తే ఏది మన నేలను చూసి గీసిందో ఇట్టే తెలుస్తుంది.

## 6. ఊ కొట్టించడం

అమ్మమ్మలు, నాయనమ్మలు “ఊ కొట్టు” అని ఊరికే అనలేదు. పిల్ల ఎంత వింటోందో తెలిపే కొలబద్ద అది, పైగా ఖర్చులేనిది. మొదలుపెట్టే ముందే ఒప్పందం చేసుకోండి: “నేను ఆగిన చోటల్లా ఊ అనాలి. ఊ వినపడకపోతే కథ నడవదు.”

ఆరేడు మాటలకు ఒకసారి ఆగండి. “అనగనగా ఒక అడవి.” ఊ. “ఆ అడవిలో ఒక సింహం.” ఊ. ఆగినప్పుడు పిల్ల కళ్లలోకి చూడండి, కార్డులోకి కాదు.

ఊ ఎలా వస్తోందో వినడం నేర్చుకోవాలి.

- వెంటనే, గట్టిగా: బాగా నడుస్తోంది. వేగం మార్చకండి.
- ఆలస్యంగా, సాగదీస్తూ: వర్ణన ఎక్కువైంది. తర్వాతి ఎముకకు దూకండి. పిల్లలకు వెలితి తెలియదు.
- అసలు రాలేదు, కళ్లు మీ మీదే ఉన్నాయి: లీనమైపోయారు. ఊ కోసం పట్టుబట్టకండి. ఇక్కడ “ఊ అను” అంటే మీరే కథను తెంపినట్టు.
- అసలు రాలేదు, కళ్లు పక్కకు పోయాయి: పల్లవికి వెళ్లండి. లేదా పిల్ల పేరు కథలో చేర్చండి: “అప్పుడా కుందేలు అచ్చం మన చిట్టిలాగే తల గోక్కుంది.”
- అరుపుగా, ఆటగా మారింది: మందలించవద్దు. మీ గొంతు సగానికి తగ్గించి రెండు వాక్యాలు చెప్పండి. వినడం కోసం వాళ్లే నెమ్మదిస్తారు.

నిద్ర వేళ లెక్క తలకిందులు. అక్కడ ఊ పలచబడటమే కావాలి. పలచబడగానే గొంతు ఇంకా దించి, చివరి రెండు వాక్యాలను మళ్లీ మళ్లీ చెప్పండి. మలుపున్న కథలు నిద్రకు పనికిరావు. ఏడు చేపల కథ పనికొస్తుంది.

## 7. గొంతులు, యాస

ప్రతి జంతువుకూ ఒక గొంతు పెట్టబోయి మధ్యలో కలిపేసుకోవడం తరచుగా జరిగేదే. ఒక కథకు మీ మామూలు గొంతు కాక మరో రెండే పెట్టుకోండి. తేడా వేగంలో చూపించడం తేలిక: మొసలి మాటకు మాటకు మధ్య ఆగుతుంది, కోతి గబగబా అంటుంది. గొంతు బొంగురుగా చేసి పది నిమిషాలు లాగితే మర్నాటికి మీ గొంతే పోతుంది.

జంతువులను వరసలతో పిలిపించండి. నక్కబావ, కాకమ్మ, మొసలి మావ. వరస కలపగానే పిల్లకు ఆ జంతువు చుట్టం అవుతుంది. “ఏటి మావా, ఇలగొచ్చినావు? పళ్లు కావాలేటి?” అని కోతి అడిగితే మన ఉత్తరాంధ్ర పిల్లల చెవికి ఇంటి మాటలా ఉంటుంది.

ఒక్క జాగ్రత్త. యాసను తెలివితక్కువ జంతువుకే పెట్టి, తెలివైనదాని చేత పుస్తకం భాష మాట్లాడించకండి. పిల్లలు అది వెంటనే పసిగడతారు. అమ్మమ్మ మాట్లాడే తీరు నవ్వులాటకు పనికొచ్చేదన్న అభిప్రాయం అలాగే పాతుకుపోతుంది. యాస పెడితే కుందేలుకు పెట్టండి, ఉపాయం చెప్పే ముసలి పావురానికి పెట్టండి.

## 8. పది నిమిషాల వరుస

1. మొదటి నిమిషం: పొడుపు కథతో పోగు చేయండి. “కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు తీసినా చప్పుడు కావు.” కనురెప్పలు! “అయితే తలుపులు తెరిచి పెట్టండి, కథ వస్తోంది.”
2. రెండో నిమిషం: ముందు చూపించాల్సిన వస్తువు. ఊ ఒప్పందం.
3. “అనగనగా.” ఇది అన్నాక మధ్యలో “సరిగ్గా కూర్చో” లాంటి మాటలు వద్దు. అవన్నీ ముందే అయిపోవాలి.
4. ఎముకలు 1 – 3: నిమిషంన్నర. పల్లవి రెండుసార్లు రావాలి.
5. మధ్య భాగం: పల్లవి పిల్లలకు అప్పగించండి. మీరు మొదటి మాట అని ఆగండి.
6. మలుపు: వేగం తగ్గించండి, గొంతు దించండి. మలుపుకు ముందు మూడు లెక్కపెట్టేంత మౌనం. ఈ మౌనానికి భయపడి మాటలతో నింపేస్తుంటారు చాలామంది. మౌనంలోనే పిల్ల తర్వాతేమవుతుందో ఊహిస్తుంది.
7. చివరి వాక్యం, కార్డు వెనక రాసుకున్నది.
8. “కథ కంచికి, మనం ఇంటికి.” చేతులు తట్టండి, లేవండి.

## 9. దారి తప్పే చోట్లు, సర్దుకునే తీరు

“పులి నిజంగా తినేస్తుందా?” భయం నిజమైనదే. “ఛ, ఏం కాదు” అని కొట్టేయకండి. ఆ పిల్లను దగ్గరకు లాక్కుని, వీపు మీద చేయి వేసి, మీ మామూలు గొంతుతో కొనసాగించండి. వేషం గొంతు ఆపగానే సగం భయం దిగుతుంది. మళ్లీ చెప్పేటప్పుడు పులి అరుపు ఆ పిల్ల చేతనే వేయించండి.

చావు వచ్చే చోటు. సింహం బావిలో దూకింది. “బుడుంగ్! ఇక పైకి రాలేదు.” ఇంతే చెప్పి ముందుకు పొండి. సాగదీయవద్దు, అబద్ధమూ చెప్పవద్దు. సింహం ఈదుకుంటూ వచ్చి అందరితో స్నేహం చేసిందని మార్చితే కుందేలు చేసిన పనికి అర్థం లేకుండా పోతుంది. హంసలు మోసుకెళ్లిన తాబేలును మాత్రం, నాలుగేళ్లలోపు వాళ్లకు, చెరువులో పడేయవచ్చు. నోరు తెరిచింది కాబట్టి పడింది అన్నది మారదు.

“నాకు తెలుసు, నాకు తెలుసు!” తెలిసిన పిల్లకు పని ఇవ్వండి: పల్లవికి నాయకత్వం. “చివర చెప్పేయకు” అని గద్దిస్తే కచ్చితంగా చెప్పేస్తుంది.

మధ్యలో వేరే కథ ఎత్తుకునే పిల్ల. “మా ఇంట్లో కూడా పిల్లి ఉంది…” ఒక్క వాక్యం విని, దాన్ని కథలో కలిపేయండి. “ఆ పిల్లి ఈ అడవికే వచ్చిందంట.” ఆపి మళ్లీ మొదలెడితే ఇంకో నలుగురు తమ పిల్లుల గురించి చెబుతారు.

“మళ్లీ అదే చెప్పు.” చెప్పండి. వారమంతా అదే అడిగినా చెప్పండి. మూడేళ్ల పిల్లకు తర్వాతేమొస్తుందో ముందే తెలియడంలో గొప్ప ఆనందం ఉంది. కొత్త మాటలు నాలుకకు అలవడేదీ ఇలా మళ్లీ మళ్లీ వింటేనే. పెద్దలకు విసుగొచ్చి మాటలు మార్చేస్తే పిల్ల సరిదిద్దుతుంది. అప్పుడు పిల్ల మాటే నెగ్గనివ్వండి.

తెలుగు మాటలు తెలియని పిల్లలు. ఇంగ్లిష్ మీడియం పిల్లలకు, హిందీ, ఒడియా, బెంగాలీ మాట్లాడే ఇళ్ల పిల్లలకు ప్రతి మాటనూ అనువదించుకుంటూ పోతే కథ చచ్చిపోతుంది. ముందు ఒక ఐదు మాటలు ఎంచుకోండి: మొసలి, వీపు, గుండె, ఒడ్డు, గెంతు. కథకు ముందు ఒక్కోదానికీ ఒక్కో చేష్ట నేర్పండి. కథలో ఆ మాట వచ్చినప్పుడల్లా చేష్ట చేయించండి. మిగతా మాటలు సందర్భమే నేర్పుతుంది. మూడోరోజుకు చేష్ట మానేసి మాట ఒక్కటే అనండి. చేతులు వాటంతటవే లేస్తే మాట నిలిచినట్టే.

ఫోను లేనిదే వినని పిల్ల. మొదటి వారం కథ 2 నిమిషాలే ఉండాలి, రోజూ ఒకే వేళకు, ఒకే చోట. రెండో వారం 3. మొదటిరోజే పది నిమిషాలు కూర్చోబెట్టాలని చూస్తే ఓడిపోతారు.

## 10. కథ అయ్యాక

“ఈ కథలో నీతి ఏమిటి?” అని అడగకండి. ఆ ప్రశ్న రెండుసార్లు విన్న పిల్ల, మూడో కథను వినడం మానేసి జవాబు వెతకడం మొదలుపెడుతుంది. అడగాలనిపిస్తే వీటిలో ఏదో ఒకటి, ఒక్కటే:

- ఎవరి మీద నీకు కోపం వచ్చింది?
- నువ్వయితే మొసలి వీపెక్కేవాడివా?
- మర్నాడు మొసలి మళ్లీ చెట్టు దగ్గరకొస్తే కోతి ఏమనాలి?

జవాబు తప్పని దిద్దకండి. “మళ్లీ పళ్లిస్తాను” అని ఒక పిల్ల, “రాళ్లు వేస్తాను” అని ఇంకో పిల్ల అంటే ఇద్దరికీ “ఎందుకు?” అనడం చాలు.

జంతువును కళ్లారా చూపించాలంటే ఎండాడ దగ్గరి ఇందిరాగాంధీ జూ పార్కు ఉంది. కథ చెప్పిన రోజే వద్దు, రెండు మూడు రోజులయ్యాక తీసుకెళ్లండి, ఒక్క వెళ్లడంలో కథలోని రెండు జంతువులే చూసే పని పెట్టండి. “మొసలి వీపు మీద కోతి ఎక్కడ కూర్చుని ఉంటుంది?” అని వెతికే పిల్ల అక్కడే చాలాసేపు నిలబడుతుంది.

తాబేలు విషయంలో మన ఊరి పిల్లలకు సందేహం వస్తుంది. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రివేళ మన తీరానికి వచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి. అటవీ శాఖ ఆ గుడ్లను కంచె వేసిన చోట భద్రపరుస్తుంది. ఆ సంగతి తెలిసిన పిల్ల “తాబేలుకు తెడ్లలాంటి కాళ్లు కదా, కుందేలుతో ఎలా నడిచింది?” అని అడగవచ్చు. కథలోది నేల మీద నడిచే తాబేలని, దానికి గోళ్లున్న పొట్టి కాళ్లుంటాయని రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి చూపండి. బీచ్‌లో గుడ్లు పెట్టే తాబేలు కనిపిస్తే దూరంగా ఉండాలని, టార్చి వేయకూడదని కూడా అప్పుడే చెప్పండి.

## 11. ఒకే కథ, ఒక వారం

- సోమ: మీరే చెప్పండి. వస్తువు చూపించండి.
- మంగళ: మళ్లీ మీరే. పల్లవి పిల్లలది.
- బుధ: మాటలు మీవి, చేష్టలు పిల్లలవి.
- గురు: ఒక ఎముకను కావాలని తప్పు చెప్పండి. “మామిడి చెట్టు మీద కోతి…” సరిదిద్దనివ్వండి.
- శుక్ర: బొమ్మలు వేయించండి. ఒక్కో ఎముకకు ఒక్కో కాగితం. గోడకు వరుసగా అంటించండి.
- శని: కాగితాలు కలిపేసి, వరుస పెట్టమనండి.
- ఆదివారం: పిల్ల చెబుతుంది, మీరు ఊ కొడతారు.

ఆదివారం కథ రెండు వాక్యాల్లోనే అయిపోవచ్చు. కోతి, మొసలి కలిసి ఐస్‌క్రీమ్ తినవచ్చు. అందించవద్దు, గుర్తు చేయవద్దు, ఫోనులో రికార్డు చేయవద్దు. ఆగిన చోట “ఊ, అప్పుడు?” అనండి. పిల్ల “కథ కంచికి” అనేదాకా మీరు లేవకండి.